నవ్వకుండా నవ్వించిన ఇంజనీరు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడగగానే నాకు జస్పాల్ భట్టీ గుర్తొచ్చారు. 1989లో ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో టీవీ ముందు కిక్కిరిసి కూర్చుని ఆయన 'ఫ్లాప్ షో' చూసేవాళ్లం. మన బడిలో హిందీ మాస్టారు కొట్టి మరీ నేర్పిన హిందీ అక్కడ పనికొచ్చింది. పక్కవాళ్లకు తెలుగులో చెప్పే బాధ్యత నాదే.

భట్టీ 1955 మార్చి 3న అమృత్‌సర్‌లో పుట్టారు. చండీగఢ్‌లోని పంజాబ్ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ చదివారు. అక్కడే 'నాన్‌సెన్స్ క్లబ్' పేరుతో వీధినాటికలు వేసి అవినీతిని ఎగతాళి చేశారు. తర్వాత 'ట్రిబ్యూన్' పత్రికలో కార్టూన్లు గీశారు. దూరదర్శన్ పొద్దుటి ప్రసారాల్లో కొద్ది నిమిషాలే వచ్చే 'ఉల్టా పుల్టా' ఆయన్ని ఇంటింటికీ తెలిసినవాణ్ణి చేసింది. తలపాగా, గడ్డం, ఏమీ ఎరగనట్టుండే ముఖం. ఆయన నవ్వేవారు కాదు, మనం నవ్వేవాళ్లం.

'ఫ్లాప్ షో' మొత్తం పదే భాగాలు. రచన, దర్శకత్వం, ముఖ్యపాత్ర ఆయనవే. భార్య సవితా భట్టీ నిర్మాత, నటి కూడా. దొంగ మెడికల్ బిల్లులు, పీహెచ్‌డీ విద్యార్థితో ఇంటిచాకిరీ చేయించుకునే గైడు, పని తప్ప అన్నీ జరిగే ఆఫీసు మీటింగులు ఇలా ఒక్కో భాగంలో ఒక్కొక్కరి వంతు. తరచూ తప్పుచేసేవాడి పాత్ర తానే వేసేవారు. అందుకే అది నీతిబోధలా అనిపించేది కాదు.

ఆ నవ్వు నన్ను ఉద్యోగంలోనూ వదల్లేదు. చేరిన కొత్తల్లో ఒకసారి సైటుకు వెళ్లకుండానే, పైవాళ్లు తొందరపెట్టారని కొలతల పుస్తకంలో సంతకం పెట్టాను. వానాకాలం రాగానే ఆ కాలువ గోడ కూలింది. ఎవరికీ ప్రమాదం జరగలేదు, నన్నెవరూ ఏమీ అడగలేదు. కానీ హాస్టల్లో పగలబడి నవ్విన పాత్రను నేనే అయ్యానని ఆ రాత్రి తెలిసింది. ఆ తర్వాత కంటితో చూడని పనికి సంతకం పెట్టలేదు. దానివల్ల రెండు బదిలీలు వచ్చాయి, నిద్ర మాత్రం బాగా పట్టింది.

భట్టీ 1999లో పంజాబ్ పోలీసుల మీద 'మాహౌల్ ఠీక్ హై' అనే పంజాబీ సినిమా తీశారు. ఎలక్ట్రికల్ ఇంజనీరు గనక కాబోలు, ఆఖరి సినిమాకు కరెంటు కోతలే కథావస్తువు, పేరు 'పవర్ కట్'. దాని ప్రచారం కోసం తిరుగుతూ, విడుదలకు ముందురోజు, 2012 అక్టోబరు 25న జలంధర్ జిల్లా షాకోట్ దగ్గర కారు ప్రమాదంలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 57. మరుసటి ఏడాది కేంద్రం పద్మభూషణ్ ప్రకటించింది.

మన పూర్వవిద్యార్థుల్లో ఇంజనీర్లు, డాక్టర్లు, అధికారులు చాలామందే ఉన్నారు. వీలైతే ఆ పది భాగాలూ పిల్లలతో కలిసి ఒకసారి చూడండి. ఎక్కడ మనకు నవ్వు ఆగిపోతుందో, అక్కడ మన వంతు వచ్చిందన్నమాట.