ఆర్మ్‌స్ట్రాంగ్: రేడియో తరంగాన్ని మెట్టు దించిన మనిషి

హామ్ రేడియో లైసెన్సు తీసుకున్న తెలుగు కుర్రవాళ్ళు మన ఊళ్ళలో అక్కడొకరు ఇక్కడొకరు కనిపిస్తున్నారు. వారి నోట ఈ మధ్య తరచుగా వినిపించే మాట ట్రాన్స్‌వర్టర్. ఇంట్లో ఉన్న ట్రాన్సీవర్ 28 మెగాహెర్ట్జ్ దాకా పనిచేస్తుంది, కానీ 144 మీద మాట్లాడాలని ఉంటుంది. కొత్త సెట్టు కొనకుండా, ఉన్న సెట్టుకూ ఏరియల్‌కూ మధ్య పెట్టుకునే పెట్టె అది. ఆ పెట్టెలో జరిగే పనికి మూలమైన సూత్రాన్ని వాడుకలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు ఎడ్విన్ హోవర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్. ఆయన కథ మన పిల్లలకూ పెద్దలకూ తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఆర్మ్‌స్ట్రాంగ్ 1890 డిసెంబరు 18న న్యూయార్క్‌లో పుట్టారు. చిన్నతనంలో నరాల జబ్బు చేసి కొంతకాలం బడి మాని ఇంటిపట్టునే ఉండవలసి వచ్చింది. తరువాత ఆ కుటుంబం హడ్సన్ నది ఒడ్డున ఉన్న యాంకర్స్‌కు మారింది. అక్కడి ఇంటి మేడగది ఆయన ప్రయోగశాల. పెరట్లో 125 అడుగుల స్తంభం స్వయంగా నిలబెట్టి, దూరపు తంతి సంకేతాలు వినేవారు. ఎత్తు అంటే ఆయనకు భయం లేదు సరికదా, సరదా.

కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుతుండగా, 1912లో మొదటి ఘనకార్యం చేశారు. రేడియో వాల్వు నుంచి బయటికొచ్చిన సంకేతంలో కొంత భాగాన్ని మళ్ళీ దాని లోపలికే పంపితే, అదే వాల్వు ఎన్నో రెట్లు బలంగా పలికింది. ఇంకాస్త ఎక్కువ పంపితే ఆ వాల్వే తరంగాలు పుట్టించసాగింది. పేటెంటుకు డబ్బు కావాలంటే, ముందు డిగ్రీ పూర్తిచెయ్యమన్నారు తండ్రిగారు. కనీసం ఆ బొమ్మ గీసిన కాగితం మీద నోటరీ ముద్రయినా వేయించుకోమని ఒక బంధువు సలహా ఇచ్చారు. ఆ ముద్ర పడిన తేదీ 1913 జనవరి 31. జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపిన మాకు ఈ తేదీ దగ్గర చూపు ఆగిపోతుంది. పాఠకులు కూడా దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

మొదటి ప్రపంచయుద్ధంలో ఆయన అమెరికా సైన్యపు సిగ్నల్ కోర్‌లో కెప్టెన్‌గా పారిస్‌లో పనిచేశారు. ఆ రోజుల వాల్వులు ఎక్కువ ఫ్రీక్వెన్సీ గల తరంగాలను సరిగా పెంచలేకపోయేవి. ఆర్మ్‌స్ట్రాంగ్ వాల్వుతో పోరాడలేదు, తరంగాన్నే కిందికి దించారు. రెండు తరంగాలను కలిపితే వాటి మొత్తమూ, వాటి తేడా అనే రెండు కొత్త తరంగాలు పుడతాయి. ఈ సంగతి కెనడాకు చెందిన ఫెసెండెన్ అంతకుముందే చెప్పి ఉన్నారు. ఆర్మ్‌స్ట్రాంగ్ దాన్ని తీసుకుని, వచ్చిన సంకేతంలో సెట్టులోనే పుట్టించిన తరంగాన్ని కలిపి, ఆ తేడాను పట్టుకుని, తక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర తీరుబడిగా పెంచుకున్నారు. ఇదే 1918 నాటి సూపర్‌హెటరోడైన్. ఫ్రాన్స్‌లో లూసియన్ లెవీ, జర్మనీలో వాల్టర్ షాట్కీ కూడా ఆ కాలంలోనే అదే దారిలో నడిచారు. దాన్ని పనిచేసే రిసీవర్‌గా చేసి చూపించిన పేరు మాత్రం ఆర్మ్‌స్ట్రాంగ్‌ది.

ఇప్పుడు ట్రాన్స్‌వర్టర్ దగ్గరికి రండి. అందులో 116 మెగాహెర్ట్జ్ తరంగం పుట్టించే చిన్న ఆసిలేటర్ ఉంటుంది. ఏరియల్ మీద 144 వస్తే, 116 పోగా మిగిలిన 28 మన సెట్టుకు అందుతుంది. మనం 28 మీద పంపితే, 116 కలిసి 144 అయి బయటికి వెళుతుంది. వినేటప్పుడు తీసివేత, పలికేటప్పుడు కూడిక, అంతే లెక్క. మన సెట్టు లోపల కూడా ఇదే పని మరోసారి జరుగుతుంది.

లెక్క తేలికే గాని అమరికలో జాగ్రత్త కావాలి. మామూలు ట్రాన్సీవర్ 100 వాట్లు ఇస్తుంది. చాలా ట్రాన్స్‌వర్టర్లు కొన్ని మిల్లీవాట్ల నుంచి కొద్ది వాట్ల వరకే ఓర్చుకుంటాయి. పవర్ తగ్గించకుండా నొక్కితే మిక్సర్ మాడిపోతుంది. పలికే ముందు ఏరియల్ రిలే మారాలి, ఆ తరువాతే యాంప్లిఫయర్ లేవాలి. ఈ వరుస తప్పితే వినే భాగం కాలిపోతుంది. 10,368 మెగాహెర్ట్జ్ దాకా ఎక్కేవారికి ఇంకో చిక్కు ఉంది. ఆసిలేటర్ పది లక్షల్లో ఒక్క వంతు జరిగినా, అక్కడ 10 కిలోహెర్ట్జ్‌కు పైగా తేడా వస్తుంది. అవతలి మనిషి గొంతు ఎక్కడుందో వెతుక్కోవాలి.

హామ్‌లకూ ఆర్మ్‌స్ట్రాంగ్‌కూ ఉన్న బంధం పుస్తకాల బంధం కాదు. 1921 డిసెంబరులో పాల్ గాడ్లీ అనే అమెరికన్ స్కాట్లాండ్‌లోని ఆర్డ్రోసాన్ తీరంలో గుడారం వేసుకుని, పొడవాటి తీగ పరిచి, సూపర్‌హెటరోడైన్ రిసీవర్‌తో అట్లాంటిక్ అవతలి హామ్‌లను విన్నారు. అందులో బాగా వినిపించిన కనెక్టికట్ స్టేషన్ 1బీసీజీని కట్టిన మిత్రబృందంలో ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా ఒకరు. పంపిన చోటా, విన్న చోటా ఆయన పని ఉందన్నమాట.

డబ్బూ పేరూ వచ్చాయి. ఆర్‌సీఏ కంపెనీలో పెద్ద వాటాదారు అయ్యారు. ఆ కంపెనీలో పైకి వచ్చిన డేవిడ్ సార్నాఫ్ ఆయనకు స్నేహితుడు. సార్నాఫ్ దగ్గర సెక్రటరీగా ఉన్న మేరియన్‌ను 1923లో పెళ్ళాడి, తాను తయారుచేసిన పోర్టబుల్ సూపర్‌హెటరోడైన్ రేడియోను ఆమెకు కానుకగా ఇచ్చారు.

కోర్టు వ్యవహారం మాత్రం వదలలేదు. తొలి ఆవిష్కరణ తనదేనని లీ డి ఫారెస్ట్ వేసిన వాదం ఏళ్ళ తరబడి సాగి, 1934లో అమెరికా సుప్రీంకోర్టులో ఆర్మ్‌స్ట్రాంగ్‌కు వ్యతిరేకంగా ముగిసింది. ఇంజనీర్లలో ఎక్కువమంది ఆ తీర్పును ఒప్పుకోలేదు. రేడియో ఇంజనీర్ల సంస్థ అంతకుముందు తనకిచ్చిన గౌరవ పతకాన్ని తిరిగి ఇచ్చేద్దామని ఆయన సభకు వెళితే, వారు తీసుకోలేదు. పతకం మీదేనని నిండు సభలో గౌరవించి పంపారు.

అప్పటికే ఆయన మరో పెద్ద పని చేసి ఉన్నారు. 1933 డిసెంబరు 26న ఎఫ్‌ఎం పేటెంట్లు వచ్చాయి. ఉరుము, మెరుపు, మోటార్ల చిటపటలన్నీ తరంగం బలాన్ని మారుస్తాయి. మాటను బలంలో కాక ఫ్రీక్వెన్సీ మార్పులో దాచి, ఆ మార్పును వెడల్పుగా ఉంచితే చిటపట వినిపించదని ఆయన నిరూపించారు. 1935 నవంబరు 5న న్యూయార్క్‌లో ఇంజనీర్ల ముందు ప్రదర్శన జరిగింది. ప్రసారం వచ్చింది యాంకర్స్‌లో ఉన్న హామ్ మిత్రుడు రన్యన్ ఇంటి నుంచి, రెండున్నర మీటర్ల తరంగం మీద. గ్లాసులోకి నీళ్ళు పోసిన చప్పుడు, కాగితం చింపిన చప్పుడు సభలో స్పష్టంగా వినిపించాయి. నేడు మన కుర్రవాళ్ళు వాడే రెండు మీటర్ల బ్యాండు దాని పక్కింటిదే.

తరువాత న్యూజెర్సీలోని ఆల్పైన్‌లో సొంత డబ్బుతో 400 అడుగులకు మించిన టవరు కట్టి ఎఫ్‌ఎం ప్రసారాలు చేశారు. 1940లో ఆర్‌సీఏ పది లక్షల డాలర్లు ఒకేసారి ఇస్తామంటే, మిగతా కంపెనీల్లాగే రాయల్టీ కట్టాలని నిరాకరించారు. రెండో ప్రపంచయుద్ధంలో తన ఎఫ్‌ఎం పేటెంట్లను సైన్యానికి ఉచితంగా వాడుకోనిచ్చారు. 1945లో అమెరికా ప్రభుత్వ కమిషన్ ఎఫ్‌ఎంను 42–50 నుంచి 88–108 మెగాహెర్ట్జ్‌కు మార్చడంతో జనం కొన్న పాత సెట్లు పనికిరాకుండా పోయాయి. 1948లో ఆయన ఆర్‌సీఏ మీద దావా వేశారు. ఆయన్ని ప్రశ్నించడమే సుమారు ఏడాది సాగింది. ఆస్తి కరిగింది, ఆరోగ్యం చెడింది. 1953 చివరలో డబ్బు విషయమై ఇంట్లో గొడవ జరిగి, భార్య మీద చెయ్యి చేసుకున్నారు. ఆమె అక్కచెల్లెలి ఇంటికి వెళ్ళిపోయారు. 1954 జనవరి 31 రాత్రి, ఆమెకు క్షమాపణ ఉత్తరం రాసిపెట్టి, ఆయన తన ప్రాణం తానే తీసుకున్నారు. మొదటి కాగితం మీద ముద్ర పడి ఆ రోజుకు సరిగ్గా 41 ఏళ్ళు.

మేరియన్ ఆ దావాలు వదిలిపెట్టలేదు. ఆ ఏడాదే ఆర్‌సీఏ సుమారు పది లక్షల డాలర్లకు రాజీపడింది. పద్నాలుగేళ్ళ కిందట ఆయన కాదన్న మొత్తమూ అంతే. 1967 నాటికి మిగతా కేసులూ ఆమె పక్షాన ముగిశాయి. 1977లో ఆకాశవాణి మన దేశంలో తొలి ఎఫ్‌ఎం ప్రసారాలు మద్రాసులో మొదలుపెట్టింది. ఆల్పైన్ టవరు, 2001లో న్యూయార్క్ జంట భవనాలు కూలినప్పుడు, అక్కడి టీవీ స్టేషన్లకు ఆసరా అయింది.

మన సంఘాలకు కాగితం విలువ కొత్తగా చెప్పనక్కరలేదు. పరరాష్ట్రంలో మాతృభాష కోసం ఎన్ని అర్జీలు పెట్టుకున్నామో, తేదీ ముద్ర లేని అర్జీ ఏమవుతుందో మనకు తెలుసు. ఆ ముద్ర అవసరమే. కానీ న్యాయం మన పక్షాన ఉన్నా, దాని కోసం చేసే పోరాటం ఇంటినే మింగేసే చోటు ఒకటి వస్తుందనీ, అక్కడ మనవాళ్ళ మాట వినాలనీ ఈ జీవితం చెబుతోంది. నిస్పృహలో ఉన్నవారిని ఒంటరిగా వదలవద్దని కూడా చెబుతోంది.

ట్రాన్స్‌వర్టర్ బిగించే మన యువకులకు మా మనవి ఒక్కటే. లైసెన్సు హద్దుల్లో ఉండండి, పవర్ తగ్గించి మొదలుపెట్టండి, లాగ్ పుస్తకంలో తేదీ, సమయం రాయండి. 28 అంకె మీద 144 నుంచి ఎవరి గొంతైనా పలికిన రోజున, పక్కనున్న తమ్ముడికో చెల్లెలికో ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు చెప్పండి.