తీగకు బట్ట చుట్టిన మైకేల్ ఫారడే

ఈసారి మన గోడపత్రికకు నేను మైకేల్ ఫారడే గురించి రాస్తున్నాను. పదో తరగతి అక్కల ఫిజిక్స్ పుస్తకంలో ఆయన పేరు ఉంటది.

ఫారడే 1791 సెప్టెంబర్ 22న లండన్ దగ్గర న్యూవింగ్టన్‌లో పుట్టాడు. తండ్రి కమ్మరి. ఆరోగ్యం బాగుండక ఆయనకు పని సరిగా సాగేది కాదు. 1801లో ధాన్యం ధరలు బాగా పెరిగినప్పుడు పిల్లవానికి వారం మొత్తానికి ఒక్క రొట్టె ఇచ్చేవారట. బడిలో చదవడం, రాయడం, కొంచెం లెక్కలు నేర్చుకున్నాడు, అంతే.

13 ఏళ్ళకు రిబో అనే ఆయన పుస్తకాల దుకాణంలో పేపర్లు పంచే పనికి కుదిరాడు. 1805లో అక్కడే బైండింగు నేర్చుకోవడానికి చేరాడు. అప్పుడు ఆయనకు 14 ఏళ్ళు, మా క్లాసు పిల్లల వయసే. ఏడేండ్లు ఆ పని చేశాడు. కుట్టడానికి వచ్చిన పుస్తకాలను ఊరికే కుట్టి ఇయ్యక చదివేవాడు. బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తు గురించిన వ్యాసం చదివి చిన్న చిన్న ప్రయోగాలు మొదలుపెట్టాడు. రిబో అడ్డం చెప్పలేదు. అటువంటి యజమానులు తక్కువ మంది ఉంటరు.

1812లో దుకాణానికి వచ్చే ఒకాయన హంఫ్రీ డేవీ అనే పెద్ద శాస్త్రవేత్త ఉపన్యాసాలకు టికెట్లు ఇచ్చాడు. ఫారడే నాలుగు ఉపన్యాసాలు విని, నోట్సు రాసి, బొమ్మలు గీసి, తానే బైండింగు చేసి డేవీకి పంపాడు. 1813 మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో డేవీ దగ్గర సహాయకుని ఉద్యోగం దొరికింది. అదే సంవత్సరం వాళ్ళతో కలిసి యూరప్ పోయినప్పుడు డేవీ భార్య ఆయనను నౌకరు లెక్క చూసింది. ఫారడే చానా బాధపడ్డాడు గాని పని విడిచిపెట్టలేదు.

1821లో కరెంటు పారే తీగ అయస్కాంతం చుట్టూ తిరిగేటట్టు చేసి చూపించాడు. బోధన్ దిక్కు చెరుకు పొలాల్లో బోరు మోటార్లు తిరిగేది కూడా కరెంటుకు, అయస్కాంతానికి ఉన్న ఆ సంబంధం వల్లనే.

అన్నిటికంటే గొప్ప రోజు 1831 ఆగస్టు 29. ఆరు అంగుళాల ఇనుప కడియానికి ఒక పక్క ఒక రాగి తీగ, ఎదురు పక్క ఇంకో రాగి తీగ చుట్టాడు. ఒకదాన్ని బ్యాటరీకి కలపంగనే రెండో తీగలో క్షణంసేపు కరెంటు పుట్టి సూది కదిలింది. విడదీస్తే మళ్ళీ కదిలింది. మన ఊరి ట్రాన్స్‌ఫార్మర్ పనిచేసేది ఇట్లనే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ కాలంలో ఇప్పటి లెక్క తొడుగు వైరు లేదు. ఒట్టి తీగ చుట్లు ఒకదానికొకటి తగిలితే కరెంటు అన్ని చుట్లు తిరగదు, అడ్డదారిన పోతది. అందుకని ఫారడే చుట్ల నడుమ పురికోస, పొరల నడుమ కాలికో అనే నూలు బట్ట పెట్టాడు. ఆ బట్టకు మన దేశంలోని కాలికట్ పేరు మీదనే ఆ పేరు వచ్చింది. ఇంత ఓపిక ఆయనకు బైండింగు పనిలోనే వచ్చి ఉంటదని నేను అనుకుంటాను. 1848లో గట్టా పెర్చా అనే చెట్టు పాల జిగురు కరెంటును బాగా ఆపుతదని రాశాడు. తర్వాత సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగలకు అదే తొడిగారు.

ఇప్పుడు తొడుగు ప్లాస్టిక్‌ది, దానికి రంగులు ఉన్నాయి. మన దేశంలో వైరింగుకు ఎరుపు, పసుపు, నీలం ఫేజులు. నలుపు న్యూట్రల్. ఆకుపచ్చ ఎర్త్. బోరు స్టార్టరులో మూడు ఫేజుల్లో రెండు తారుమారైతే మోటారు ఉల్టా తిరుగుతది. ఇస్త్రీపెట్టె వైరులో మాత్రం రంగులు వేరే: గోధుమ రంగు ఫేజు, లేత నీలం న్యూట్రల్, ఆకుపచ్చ పసుపు చారలది ఎర్త్. చూడండి, ఒక చోట నీలం ఫేజు, ఇంకో చోట నీలం న్యూట్రల్! పైగా కొందరు చేతికి దొరికిన రంగు వైరే వేస్తరు. అందుకే తెలిసిన మేస్త్రీ కూడా మెయిన్ ఆపి, టెస్టరు వెలగట్లేదని చూసినంకనే ముట్టుకుంటడు. ఎర్త్ పనికిరాదని కత్తిరించే వాళ్ళు కూడా ఉన్నరు. లోపల ఫేజు తెగి ఇస్త్రీపెట్టె రేకుకు తగిలితే ఆ కరెంటును భూమిలోకి తీసుకుపోయేది ఆ తీగనే. చెరుకు చేన్లలో అడవిపందుల కోసం ఒట్టి తీగకు కరెంటు పెడుతరు. దానికి తొడుగు లేదు, రంగు లేదు, చీకట్లో కనపడదు. రాత్రి ఆ దారిన నడిచిన మనుషులు చచ్చిపోతున్నరు.

ఫారడేకు పెద్ద లెక్కలు రావు. తన ఆలోచనలను బొమ్మల్లో, మాటల్లో రాశాడు. వాటిని లెక్కల్లో పెట్టింది మాక్స్‌వెల్. పేరు ముందు సర్ అనే బిరుదు ఇస్తామంటే ఫారడే వద్దన్నాడు. క్రిస్మస్ సెలవుల్లో పిల్లలకు కొవ్వొత్తి మండడం గురించి కూడా ఉపన్యాసాలు చెప్పాడు. ముసలితనంలో మతిమరుపు వచ్చింది. 1867 ఆగస్టు 25న చనిపోయాడు. అప్పటికి ఇండ్లలో కరెంటు బల్బులు ఇంకా రాలేదు.