కూర్చుంటే బాగానే, నడిస్తే ఆయాసం: చిత్రకారుడు పాల్ క్లే చివరి ఐదేళ్లు

పాల్ క్లే 1879 డిసెంబర్ 18న స్విట్జర్లాండ్‌లోని బెర్న్ పక్కన పుట్టారు. తల్లి స్విస్ గాయని, తండ్రి జర్మనీ నుంచి వచ్చిన సంగీతం మాస్టారు. బెర్న్‌లోనే పెరిగినా, తండ్రిని బట్టి కాగితాల్లో ఆయన జర్మన్ పౌరుడే. తరాలుగా ఉన్నచోటే ‘మీదే ఊరు’ అనిపించుకునే మనకు ఈ చిక్కు వివరించనక్కర్లేదు.

మ్యూనిక్‌లో చదువు, బౌహౌస్‌లో పదేళ్ల బోధన. 1933లో నాజీలు డ్యూసెల్‌డార్ఫ్ అకాడమీ ఉద్యోగం నుంచి తీసేయడంతో ఆ ఏడాది చివర బెర్న్‌కు తిరిగొచ్చారు.

1935లో జబ్బుపడ్డారు. మొదట తట్టు అనుకున్నారు. పోనుపోను ముఖం చర్మం బిగుసుకుపోయింది. ముద్ద మింగుడుపడేది కాదు. కాస్త శ్రమపడితే ఆయాసం. 1936లో వేసిన బొమ్మలు పాతిక మాత్రమే. చాలా కాలం తర్వాత వైద్యులు ఉత్తరాలు, ఫొటోలు పరిశీలించి, అది సిస్టమిక్ స్క్లెరోసిస్ అయి ఉంటుందన్న నిర్ధారణకు వచ్చారు. ఒంటిని కాపాడాల్సిన శక్తి ఒంటిమీదే తిరగబడి చర్మాన్ని, లోపలి అవయవాలను, సన్నని రక్తనాళాలను గట్టిపరిచే జబ్బు ఇది.

కొందరిలో ఊపిరితిత్తుల రక్తనాళాలు ఇరుకై, గుండె కుడి భాగంపై భారం పడుతుంది. ఇక్కడే మోసం. మొదట్లో కూర్చోబెట్టి పరీక్షిస్తే అంతా సవ్యంగానే కనిపించవచ్చు. నడిచినప్పుడు రక్తప్రవాహం పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న నాళాలు సాగి దారి ఇస్తాయి, గట్టిపడినవి ఇవ్వవు. అందుకే ఇప్పుడు రోగి చేత సైకిల్ తొక్కిస్తూ పీల్చుకునే ఆక్సిజన్, వదిలే కార్బన్ డయాక్సైడ్ కొలుస్తారు. అనుమానం బలపడితే కుడి గుండెలోకి సన్నని గొట్టం పంపి, అవసరమైతే వ్యాయామం చేయిస్తూనే, ఒత్తిడి చూస్తారు. ఆ గొట్టాన్ని 1929లోనే వెర్నర్ ఫోర్స్‌మన్ అనే జర్మన్ డాక్టర్ తన ఒంట్లోకే ఎక్కించుకున్నారు. రోగులకు వాడుకలోకి వచ్చింది మాత్రం 1940ల్లో. క్లేకు అది అందలేదు. ఆయన ఆయాసం ఊపిరితిత్తులదా, వాటి నాళాలదా, గుండెదా అని విడదీసి చూసే సాధనమే అప్పటి డాక్టర్ల చేతిలో లేదు.

చేతులు మాత్రం పనిచేశాయి. 1937లో మ్యూనిక్‌లో నాజీలు ‘భ్రష్ట కళ’ పేరిట పెట్టిన ప్రదర్శనలో ఆయన బొమ్మలనూ వేలాడదీసి ఎగతాళి చేశారు. ఆయన 1939 ఒక్క ఏడాదిలోనే 1,200కు పైగా బొమ్మలు వేశారు. స్విస్ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టిందీ ఆ ఏడాదే.

1940 జూన్ 29న లొకార్నో దగ్గర మురాల్టోలోని ఆసుపత్రిలో, అరవయ్యేళ్ల వయసులో కన్నుమూశారు. దరఖాస్తుపై నిర్ణయం కొద్ది రోజుల్లో వెలువడాల్సి ఉంది.