చేతికి పని చెప్పిన వైద్యురాలు

ఉప్పల్, నాచారం వీధుల్లో థెరపీ సెంటర్ల బోర్డులు చూసి, ఈ ఆటలతో బిడ్డ ఎదుగుతుందా, ఏదైనా మందుంటే బాగుండును అనుకునే తల్లిదండ్రులు మన విచారణల్లోనూ ఉన్నారు. వారు మరియా మాంటిస్సోరి జీవితం తెలుసుకోవాలి.

ఇటలీలో 1870లో కతోలిక కుటుంబంలో జన్మించిన ఆమె 1896లో వైద్యపట్టా పొందారు. రోము నగరంలోని పిచ్చాసుపత్రుల్లో పెద్దవారి మధ్య పడివున్న, బుద్ధి ఎదుగుదల మందగించిన పిల్లలను చూశారు. వారికి మందుకంటే శిక్షణే ముఖ్యమని గ్రహించి, ఇటార్, సెగ్విన్ అనే ఫ్రెంచి వైద్యుల గ్రంథాలు శ్రద్ధగా చదివారు. సుమారు రెండేళ్ళు ఉదయం 8 నుండి రాత్రి 7 వరకు ఆ పిల్లలతోనే గడిపారు. పూసలు గుచ్చించడం, బొత్తాలు పెట్టించడం, చెక్క అక్షరాలను వేలితో తడిమించడం, ఇదీ ఆమె చికిత్స. నేటి ఆక్యుపేషనల్ థెరపీలోనూ బిడ్డ చేతికి ఇలాంటి పనులే చెబుతారు. మాటకు స్పీచ్ థెరపీ, నడకకు ఫిజియోథెరపీ వేరు; అన్నీ అందరికీ అక్కరలేదు.

ఆ పిల్లల్లో కొందరు చదవడం, రాయడం నేర్చి మామూలు పిల్లల పరీక్షలోనే నెగ్గారు. లోకం అబ్బురపడింది. ఆమె మాత్రం, ఆరోగ్యవంతులైన పిల్లలను మన బడులు ఎందుకు ఇంత వెనుక ఉంచుతున్నాయని ఆలోచనలో పడ్డారు. 1907లో ముగ్గురు రాజుల పండుగనాడు రోములోని ఒక పేదవాడలో బాలల గృహం తెరిచారు. 1939లో మద్రాసు వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. 1952లో హాలండులో కన్నుమూశారు.