డాక్టర్ కె.ఎల్. రావు

పెద్దతిప్పసముద్రం వంటి మెట్టప్రాంతాలలో విద్యుత్తు ఆగితే బోరుమోటారు ఆగుతుంది, పైరు వాడుతుంది. పొలానికి తీగ చేరడం సగం పని. వేళకు విద్యుత్తు అందడం మిగిలిన సగం. ఈ రెండింటికీ పాటుపడినవారు కానూరి లక్ష్మణరావు.

ఆయన 1902లో కృష్ణాజిల్లా కంకిపాడులో జన్మించారు. బాల్యంలో ఒక కంటి చూపు పోయినా చదువు విడువక, 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. నాగార్జునసాగర్ నిర్మాణంలో కీలకపాత్ర వహించారు. 1963లో కేంద్ర నీటిపారుదల, విద్యుత్ శాఖ మంత్రి అయ్యారు.

ఒక రాష్ట్రంలో జలాశయం అడుగంటితే పొరుగు రాష్ట్రపు మిగులు విద్యుత్తు ఆదుకోవాలి. ఆ ఆశయంతో ఆయన హయాంలో, 1964లో, ప్రాంతీయ విద్యుత్ మండళ్లు ఏర్పడ్డాయి. 1969లో వెలసిన గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పల్లెలకు, పంపుసెట్లకు లైన్లు వేయడానికి రుణాలిచ్చింది.

1986లో ఆయన పరమపదించారు. మెట్టపొలంలో మోటారు ఆగక తిరిగిన ప్రతి దినమూ ఆయన కృషికి సార్థకతే.