తన జనాన్ని తానే చల్లబరిచిన ‘రాకెట్’ మోరిస్ రిషార్

హాకీ అనగానే మనకు మైదానం, ధ్యాన్‌చంద్ గుర్తొస్తారు. కెనడాలో హాకీ అంటే మంచు మీద ఆట. కాళ్ళకు స్కేట్లు, బంతికి బదులు పక్ అనే నల్లటి రబ్బరు బిళ్ళ. అక్కడ స్థిరపడ్డ మన కుటుంబాల పిల్లలకు టొరంటో, మాంట్రియల్ జట్ల మధ్య పోటీ ఎంత గట్టిదో తెలిసే ఉంటుంది. ఇలాంటి పోటీలు ఎలా పుడతాయో, ఎప్పుడు హద్దు దాటుతాయో తెలియాలంటే మోరిస్ రిషార్ జీవితం చూడాలి.

రిషార్ 1921 ఆగస్టు 4న మాంట్రియల్‌లో పుట్టారు. ఎనిమిది మంది పిల్లల్లో పెద్దవాడు. తండ్రి కెనడియన్ పసిఫిక్ రైల్వేలో పనిచేసేవారు. 1930లో మాంద్యం దెబ్బకు ఆ ఉద్యోగం పోయింది. మళ్ళీ దొరికేదాకా కొన్నేళ్ళు సర్కారు సాయంతోనే ఇల్లు గడిచింది. రిషార్ కూడా పదహారేళ్ళకే చదువు ఆపేసి, తండ్రి వెంట మెషినిస్టు పనికి వెళ్ళారు.

ఆ నగరంలో ఎక్కువమందిది ఫ్రెంచ్ భాష. కానీ బ్యాంకులు, పెద్ద కంపెనీల పగ్గాలు మాత్రం ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళ చేతిలో ఉండేవి. సొంత ఊళ్ళోనే ఫ్రెంచ్ వాళ్ళు పైఅధికారుల ముందు తమ భాష పక్కనపెట్టాల్సి వచ్చేది. ఆటలోనూ అదే గీత. ఒకే ఫోరం స్టేడియంలో రెండు జట్లు ఆడేవి. మరూన్స్ ఇంగ్లీషు వాళ్ళది, కెనడియన్స్ ఫ్రెంచ్ వాళ్ళది. 1938లో మరూన్స్ మూతపడింది. ఆ తర్వాత ఇంగ్లీషు నగరం టొరంటో ఫ్రెంచ్ అభిమానులకు ప్రధాన ప్రత్యర్థి అయ్యింది.

రిషార్ 1942లో కెనడియన్స్‌లో చేరారు. మొదటి సీజన్‌లోనే కాలు విరిగింది. ఇక ఈయన పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. కానీ 1944 మార్చి 23న టొరంటోపై మాంట్రియల్ 5-1తో గెలిస్తే, ఆ అయిదు గోల్సూ ఆయనవే. తర్వాతి సీజన్‌లో 50 మ్యాచుల్లో 50 గోల్స్ కొట్టారు. అంతకు ముందు ఎవరికీ సాధ్యం కాని లెక్క అది. ఆ వేగం చూసి ‘రాకెట్’ అన్న పేరు వచ్చింది. ఫ్రెంచ్ కార్మికుల ఇళ్ళల్లో ఆయన ఆటగాడిగా మాత్రమే మిగల్లేదు, వాళ్ళ ఇజ్జత్ అయ్యారు.

అప్పట్లో లీగ్‌లో ఉన్నవి ఆరే జట్లు. 1949 నుంచి ఒక్కో జట్టు సీజన్‌కు 70 మ్యాచులు ఆడేది. అంటే ఒక్కో ప్రత్యర్థితో 14 సార్లు తలపడాల్సిందే. శనివారం ఒక ఊళ్ళో, ఆదివారం ఇంకో ఊళ్ళో అదే రెండు జట్లు ఆడటం మామూలే. కొన్నిసార్లు రెండు జట్లూ ఒకే రైల్లో ప్రయాణించేవి. నిన్న తగిలిన దెబ్బ మానకముందే, కొట్టినవాడు ఇవాళ మళ్ళీ ఎదురయ్యేవాడు. కోపం చల్లారే టైమే ఉండేది కాదు.

అయినా ఆ కోపానికి ఒక హద్దు ఉండేది. 1952 సెమీఫైనల్ ఆఖరి మ్యాచులో బోస్టన్‌పై ఆడుతూ రిషార్ తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పారు. కుట్లు వేయించుకుని మళ్ళీ దిగి గెలుపు గోల్ కొట్టారు. మ్యాచ్ అయ్యాక బోస్టన్ గోల్‌కీపర్ జిమ్ హెన్రీతో చేతులు కలిపారు. ఇద్దరి ముఖాల మీదా గాయాలే. ఆ ఫొటో నేటికీ కెనడాలో ప్రసిద్ధం.

హద్దు దాటింది 1955 మార్చి 13న. మళ్ళీ బోస్టన్‌లోనే. ఒకప్పుడు మాంట్రియల్‌లో సహచరుడైన హాల్ లేకో కర్ర తగిలి రిషార్ తల చిట్లింది. రిషార్ కర్రతో తిరిగి కొట్టారు. అడ్డుకోబోయిన లైన్స్‌మన్‌పైనా చేయి చేసుకున్నారు. అది తప్పే. మూడు రోజుల తర్వాత లీగ్ అధ్యక్షుడు క్లారెన్స్ కాంప్‌బెల్ మిగిలిన మూడు మ్యాచులతో పాటు ప్లేఆఫ్స్ మొత్తానికీ ఆయన్ను నిషేధించారు. కాంప్‌బెల్ ఇంగ్లీషు లాయర్, ఆఫీసు కూడా మాంట్రియల్‌లోనే. ఫ్రెంచ్ జనానికి ఇది ఆటగాడికి పడిన శిక్షలా కనిపించలేదు, తమందరికీ జరిగిన అవమానంలా తోచింది.

మార్చి 17న డెట్రాయిట్‌తో మ్యాచ్. రావద్దని ఎందరు చెప్పినా కాంప్‌బెల్ ఫోరంకు వచ్చి కూర్చున్నారు. గుడ్లు, టమాటాలు ఆయన మీద పడ్డాయి. మొదటి పీరియడ్ అయ్యేసరికి డెట్రాయిట్ 4-1తో ముందుంది. ఇంతలో లోపల టియర్ గ్యాస్ డబ్బా పేలింది. మ్యాచ్ ఆపేసి డెట్రాయిట్‌కు గెలుపు ఇచ్చేశారు. బయట సెయింట్ కేథరిన్ వీధిలో తెల్లవారుజాము దాకా దుకాణాల అద్దాలు పగిలాయి, లూటీ జరిగింది. నష్టం లక్ష డాలర్లని అంచనా వేశారు.

మరునాడు సాయంత్రం రిషార్ మైకు ముందుకొచ్చారు. ఆయన మాటల మనిషి కాదు. ఒక్క కఠినమైన మాట అంటే చాలు, వీధులు మళ్ళీ రగిలేవి. కానీ ఫ్రెంచ్‌లోనూ ఇంగ్లీషులోనూ అందర్నీ శాంతంగా ఉండమని కోరారు. శిక్షను ఒప్పుకుంటున్నానని, వచ్చే ఏడాది తిరిగొస్తానని చెప్పారు. నగరం చల్లబడింది.

కానీ అభిమానం గుడ్డిదైతే ఎటు తిరుగుతుందో ఆ వారంలోనే తెలిసింది. రిషార్ జట్టువాడు, తనూ ఫ్రెంచ్‌వాడే అయిన బెర్నార్డ్ జెఫ్రియన్ ఒక్క పాయింటు తేడాతో రిషార్‌ను దాటి లీగ్‌లో మొదటి స్థానం అందుకున్నారు. సొంత అభిమానులే ఆయన్ను ఎగతాళి చేస్తూ కేకలు వేశారు. ఎదుటివాడి కోసం పెంచుకున్న కోపం చివరికి ఇంట్లోవాడి మీదే పడింది. ఆ ఏడాది ఫైనల్‌లో మాంట్రియల్ డెట్రాయిట్ చేతిలో ఓడింది.

రిషార్ మాట నిలబెట్టుకున్నారు. 1956 నుంచి 1960 వరకు వరుసగా అయిదు సార్లు స్టాన్లీ కప్ మాంట్రియల్‌దే. లీగ్ చరిత్రలో 500 గోల్స్ దాటిన మొదటి ఆటగాడు ఆయనే. మొత్తం 544 గోల్స్‌తో 1960లో ఆట నుంచి తప్పుకున్నారు. అదే దశాబ్దంలో క్యూబెక్‌లో ఫ్రెంచ్ వాళ్ళు చదువుల్లో, ఉద్యోగాల్లో తమ వాటా కోసం గట్టిగా నిలబడ్డారు. 1955 నాటి ఆ రాత్రిని దానికి ముందస్తు సూచనగా చూసే చరిత్రకారులు ఉన్నారు.

2000 మే 27న రిషార్ కన్నుమూశారు. లక్ష మందికి పైగా వరుసలో నిలబడి చివరి చూపు చూసుకున్నారు. క్యూబెక్ ప్రభుత్వం అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది. ఒకప్పుడు ఆయన్ను నిషేధించిన ఆ లీగే ఇప్పుడు ప్రతి సీజన్‌లో ఎక్కువ గోల్స్ కొట్టినవారికి ఆయన పేరు మీద ట్రోఫీ ఇస్తోంది. టొరంటో ఆటగాళ్ళు కూడా దాన్ని గర్వంగానే అందుకుంటారు.