గబ్బిలంతో పంపిన మొర

కథలోని మనిషిని అర్థం చేసుకోవాలంటే అతనికి ఏం కావాలో, అడ్డుపడేది ఎవరో చూడాలి. గుర్రం జాషువాగారి ‘గబ్బిలం’ కావ్యాన్ని ఈ వారం మేము అలా చదువుకున్నాము.

జాషువాగారు 1895లో వినుకొండలో జన్మించారు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ, ఇద్దరూ క్రైస్తవులు. కులం పెట్టే బాధ ఆయన చిన్ననాటి నుండే ఎరుగుదురు. ఉపాధ్యాయునిగా బ్రతుకుతూ పద్యాలు రాశారు. 1941లో వెలువడిన ‘గబ్బిలం’లో కథానాయకుడు ఆకలితో అలమటించే అంటరాని పేదవాడు. గుడిలోనికి అతనికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. అందుకే తన మొర శివుని చెవిన వేయమని దానిని కాశీకి పంపుతాడు. దేవుడు వింటాడని అతని నమ్మకం. అడ్డం నిలిచినవారు మనుషులే.

తరువాత ఆయన ‘క్రీస్తు చరిత్ర’ రచించి, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. 1971లో గుంటూరులో కన్నుమూశారు.

ప్రియులారా, మన రాయచోటి సంఘాలలో ప్రభువు బల్ల దగ్గర అందరమూ ఒక్కటే. ఆరాధన ముగిసి ఇంటికెళ్లాక, పిల్లల పెళ్లి మాట వస్తే మొదట కులం అడుగుతున్నామా? అడిగితే, ఆ పేదవాడు ఇంకా మన గడప బయటే నిలబడి ఉన్నాడు.